బ్రిటన్ స్పౌజ్ వీసా: మారిన రూల్స్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

మాది కాకినాడ. మా ఆయనది ఇంగ్లండ్‌లోని లీడ్స్. 2024 ఫిబ్రవరిలో మా పెళ్లయింది. సరిగ్గా ఆ రెండు మూడు నెలల్లోనే బ్రిటన్ ప్రభుత్వం స్పౌజ్ వీసా రూల్స్ మార్చింది. అప్పటి నుంచి మా చిన్నమ్మగారి అబ్బాయి స్నేహితుల దగ్గర్నుంచి, పెళ్లిలో ఫొటోలు తీసిన కుర్రాడి చెల్లెలి దాకా చాలామంది నాకు ఫోన్ చేసి ఇవే ప్రశ్నలు అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు అన్నీ ఒక్కచోట రాస్తున్నాను. నేను లాయర్‌ని కాదు. ఈ దారిలో నడిచినదాన్ని, రూల్స్ అక్షరం అక్షరం చదివినదాన్ని. ఫీజులు 2025 ఏప్రిల్ 9 నుంచి అమల్లోకి వచ్చినవి రాశాను. మీరు డబ్బు కట్టే రోజున ప్రభుత్వ వెబ్‌సైట్‌లో మరోసారి చూసుకోండి.

స్పౌజ్ వీసా, డిపెండెంట్ వీసా ఒకటేనా?

కాదు. ఇక్కడే చాలామంది పొరబడతారు. భర్త వర్క్ వీసా మీదో స్టూడెంట్ వీసా మీదో ఉంటే భార్యకు వచ్చేది డిపెండెంట్ వీసా. వాటి రూల్స్ కూడా 2024లోనే బిగించారు. జనవరి 1 నుంచి, పరిశోధన కోర్సులు తప్ప మిగతా మాస్టర్స్ చదివేవాళ్లు కుటుంబాన్ని తీసుకెళ్లే వీలు లేదు. మార్చి 11 నుంచి కొత్తగా వచ్చే కేర్ వర్కర్లకూ అంతే. ఆ రెండు దెబ్బలూ మన తెలుగు కుటుంబాలకు గట్టిగానే తగిలాయి.

నేను రాస్తున్నది వేరే వీసా గురించి. ఇద్దరిలో ఒకరు బ్రిటిష్ పౌరులు, లేదా అక్కడ శాశ్వత నివాసం ఉన్నవాళ్లు అయితే వర్తించేది ఇది. లెస్టర్‌లో పుట్టి పెరిగిన తెలుగమ్మాయి గుంటూరు అబ్బాయిని చేసుకున్నా ఇదే దారి.

ఆదాయం ఎంత చూపించాలి? ఒక్కొక్కరు ఒక్కో అంకె చెబుతున్నారేంటి?

ఇప్పుడైతే ఏడాదికి 29,000 పౌండ్లు. ఒక్కొక్కరు ఒక్కోటి చెప్పడానికి కారణం, వాళ్లు అప్లై చేసినప్పుడు ఉన్న అంకె అదే కావడం.

2012 జూలై 9కి ముందు ఫలానా ఇంత అని గీత లేదు. ప్రభుత్వ సాయం మీద ఆధారపడకుండా బతకగలరా లేదా అని చూసేవారు. ఆ రోజు నుంచి 18,600 పౌండ్ల గీత పెట్టారు. బ్రిటిష్ పౌరసత్వం లేని పిల్లలు ఉంటే మొదటి బిడ్డకు 3,800, ఆపై ఒక్కొక్కరికి 2,400 అదనం. పదకొండేళ్లకు పైగా అదే నడిచింది. 2023 డిసెంబర్ 4న అప్పటి హోం మంత్రి జేమ్స్ క్లెవర్లీ పార్లమెంటులో లేచి, దాన్ని 38,700 చేస్తామన్నారు. అంటే రెట్టింపు కంటే ఎక్కువ. గొడవ కావడంతో డిసెంబర్ 21న కాస్త వెనక్కి తగ్గి, మొదట 29,000, తర్వాత 34,500, ఆ తర్వాత 38,700 అని మెట్లు కట్టారు. 2024 ఏప్రిల్ 11న మొదటి మెట్టు అమల్లోకి వచ్చింది. పిల్లలకు విడిగా అదనం తీసేశారు. జూలైలో ప్రభుత్వం మారింది, మిగతా మెట్లు ఆగిపోయాయి.

29,000 అంటే ఎంతో ఒకసారి లెక్క వేయండి. 2025 ఏప్రిల్‌లో అక్కడ కనీస వేతనం గంటకు 12.21 పౌండ్లు చేశారు. వారానికి 40 గంటలు, 52 వారాలు ఒక్క రోజు మానకుండా పనిచేసినా ఆ లెక్కన వచ్చేది 25,400 లోపే. ఏడాదంతా ఒళ్లు వంచి పనిచేసే మనిషి, తను కట్టుకున్న మనిషిని పక్కకు తెచ్చుకోలేడు. ఈ రూల్‌లో నన్ను అన్నిటికంటే బాధపెట్టేది ఇదే. షాపుల్లో, గోడౌన్లలో, వృద్ధాశ్రమాల్లో పనిచేసేవాళ్లు, పార్ట్ టైమ్ చేసే ఆడవాళ్లు, లండన్‌కు దూరంగా చిన్న ఊళ్లలో ఉండేవాళ్లు గీతకు అవతలే మిగిలిపోతారు. ఊరిని బట్టి గీత మారదు. లండన్‌లోనూ అదే, లీడ్స్‌లోనూ అదే.

మేం 18,600 ఉన్నప్పుడు వీసా తీసుకున్నాం. రెన్యువల్‌కు 29,000 అడుగుతారా?

అడగరు. 2024 ఏప్రిల్ 11కి ముందు ఈ దారిలో అప్లై చేసినవాళ్లకు, అదే భాగస్వామితో కొనసాగినంత కాలం పాత అంకే. రెన్యువల్‌కూ, శాశ్వత నివాసానికీ కూడా అదే లెక్క. చాలామంది ఈ సంగతి తెలియక రెండేళ్లుగా టెన్షన్ పడుతున్నారు. పడకండి.

అందుకే అంటున్నాను, ఈ వ్యవహారంలో అన్నిటికంటే ముఖ్యం తేదీ. ఆన్‌లైన్‌లో ఫారం పంపి ఫీజు కట్టిన రోజే మీ అప్లికేషన్ తేదీ. వేలిముద్రలిచ్చిన రోజు కాదు, నిర్ణయం వచ్చిన రోజూ కాదు.

మా సంగతే చెబుతాను. మా ఆయన జీతం అప్పుడు 24,000. పాత గీతకు పైన, కొత్త గీతకు కింద. ఆయన 2023 అక్టోబర్ 1న కొత్త ఉద్యోగంలో చేరారు. ఒకే చోట ఆరు నెలలు పనిచేసి ఉండాలనేది రూల్. అంటే మార్చి ఆఖరు దాకా ఆగాలి. ఏప్రిల్ 11 దాటితే అంతే సంగతులు. మధ్యలో ఉన్నది పదిరోజులు. అందులోనూ ఆ ఏడాది మార్చి 31 ఈస్టర్ ఆదివారం, మర్నాడు కూడా సెలవు. కంపెనీ నుంచి లెటర్ ఏప్రిల్ 2న వచ్చింది. 3వ తేదీ సాయంత్రం మా డాబా మీద, కరెంటు పోతే ఫోన్ హాట్‌స్పాట్ పెట్టుకుని, ఇక్కడ నేను, అక్కడ ఆయన వీడియో కాల్‌లో ఒక్కో పేజీ పైకి చదువుకుంటూ డబ్బు కట్టాం. మా నాన్న మెట్ల మీద కూర్చుని, "అయిందా అమ్మా?" అని నాలుగుసార్లు అడిగారు. ఎనిమిది రోజులు ఆలస్యమై ఉంటే నేను ఇవాళ్టికీ కాకినాడలోనే ఉండేదాన్నేమో.

నాకు హైదరాబాద్‌లో మంచి సాఫ్ట్‌వేర్ జీతం. అది కలపకూడదా?

మీరు ఇండియా నుంచి అప్లై చేస్తుంటే కలపరు. అక్కడున్న భాగస్వామి సంపాదనే చూస్తారు. మీరు ఇప్పటికే బ్రిటన్‌లో ఉండి, పని చేసే హక్కుతో జీతం తీసుకుంటుంటే అప్పుడు మీదీ లెక్కలోకి వస్తుంది. అంటే అక్కడికి వెళ్లి ఇంకా ఎక్కువ సంపాదించగల మనిషి చదువు, అనుభవం అన్నీ పక్కన పెట్టేసి, ఇద్దరిలో ఒక్కరినే తూకం వేస్తారు. నాకిది అన్యాయంగానే అనిపిస్తుంది.

సేవింగ్స్ చూపిస్తే సరిపోతుందా? స్థలం అమ్మితే?

సరిపోతుంది, కానీ మొత్తం పెద్దది. జీతం అసలు లేకుండా డబ్బు మీదే వెళ్లాలంటే 88,500 పౌండ్లు. పాత గీత ఉన్నప్పుడు ఇది 62,500. లెక్క ఇలా కడతారు: మొదటి 16,000 పౌండ్లను పక్కన పెట్టేస్తారు. దానిపైన, జీతంలో ఎంత తగ్గిందో దానికి రెండున్నర రెట్లు ఉండాలి. ఉదాహరణకు జీతం 25,000 అయితే తగ్గింది 4,000. దానికి రెండున్నర రెట్లు 10,000. 16,000తో కలిపితే 26,000 పౌండ్లు చూపించాలి. చిన్నగా తగ్గినవాళ్లకు ఈ దారి నిజంగా పనికొస్తుంది.

ఆ డబ్బు మీ ఇద్దరి పేరు మీదో, ఇద్దరిలో ఒకరి పేరు మీదో ఆరు నెలలు నిలకడగా ఉండాలి. అమ్మానాన్నలు ఇచ్చినా ఫర్వాలేదు, అప్పుగా కాకుండా ఇచ్చేయాలి, ఇచ్చాక ఆరు నెలలు కదపకూడదు. మీ పేరున ఉన్న స్థలమో ఫ్లాటో ఈ ఆరు నెలల్లోపు అమ్మితే, ఆ ఆస్తి అంతకుముందు నుంచీ మీదేనని కాగితాలతో చూపిస్తే అదీ ఒప్పుకుంటారు. ఇక్కడో మాట. రిజిస్ట్రేషన్ విలువ ఒకటి, చేతికొచ్చింది ఒకటి అయితే కుదరదు. బ్యాంకులో పడ్డ రూపాయే లెక్క. బంగారం, పొలం, ఉమ్మడి ఇల్లు చూపించి ప్రయోజనం లేదు.

జీతం ఉన్నా మా ఫ్రెండ్‌కు రిజెక్ట్ అయింది. ఎందుకు?

చాలావరకు కాగితాల వల్లే. ఆరు నెలల పేస్లిప్పులు, అదే ఆరు నెలల బ్యాంక్ స్టేట్‌మెంట్, ఆ రెండిట్లో అంకెలు పైసలతో సహా కలవాలి. కంపెనీ లెటర్‌లో హోదా, జీతం, ఎప్పటి నుంచి చేస్తున్నారు, పర్మనెంటా కాంట్రాక్టా అన్నీ ఉండాలి. స్టేట్‌మెంట్ అప్లికేషన్ తేదీకి 28 రోజుల లోపలిది అయి ఉండాలి. జీతం మధ్యలో పెరిగితే, ఆ ఆరు నెలల్లో తక్కువ ఉన్న నెలనే తీసుకుని పన్నెండుతో గుణిస్తారు. ఈ చివరిది తెలియక దెబ్బతిన్నవాళ్లు ఎందరో.

మాకు ఒక కన్సల్టెంట్, "ఐదు పేస్లిప్పులు చాలు మేడమ్, మార్చి మొదట్లోనే వేసేద్దాం" అన్నాడు. ఫీజు కూడా తీసుకున్నాడు. మా ఆయన ఎందుకో నిద్రపట్టక రాత్రి కూర్చుని అసలు రూల్ తెరిచి చదివితే ఆరు అని ఉంది. ఆ ఒక్క కాగితం కోసమే మేం మార్చంతా ఆగాం. ఎవరికి డబ్బిచ్చినా సరే, రూల్ మీరూ చదవండి.

ఉద్యోగం మారి ఆరు నెలలు కానివాళ్లకు వేరే దారి ఉంది. ఇప్పటి జీతం గీతకు పైన ఉండాలి, గడిచిన పన్నెండు నెలల్లో నిజంగా వచ్చిన మొత్తం కూడా గీత దాటాలి.

మొత్తం ఎంత ఖర్చవుతుంది?

2025 ఏప్రిల్ రేట్ల ప్రకారం బయటి నుంచి అప్లికేషన్ ఫీజు 1,938 పౌండ్లు. దానితోపాటు అక్కడి ప్రభుత్వ వైద్యం కోసం ముందే కట్టే హెల్త్ సర్‌చార్జ్. 2024 ఫిబ్రవరి 6న ఏడాదికి 624 నుంచి 1,035కు పెంచారు. మొదటి వీసా 33 నెలలకు ఇస్తారు, సర్‌చార్జ్ మూడేళ్లకు కట్టించుకుంటారు, 3,105. అంటే విమానం ఎక్కకముందే 5,043.

తర్వాత 30 నెలల రెన్యువల్‌కు 1,321, సర్‌చార్జ్ 2,587.50. ఐదేళ్లయ్యాక శాశ్వత నివాసానికి 3,029. అన్నీ కలిపితే 12,000 పౌండ్లకు ఇరవై తక్కువ. మన లెక్కలో 12 లక్షలు దాటిపోతుంది, అదీ లాయర్ లేకుండా. పెళ్లి ఖర్చులో ఈ మొత్తాన్ని కూడా ముందే రాసుకోండి. మేం భోజనాల ఖర్చు తగ్గించి దీనికి పెట్టాం.

గుడిలో పెళ్లి చేసుకున్నాం. సర్టిఫికెట్ ఉంది. చాలా?

ఇద్దరూ హిందువులైతే హిందూ వివాహ చట్టం కింద రిజిస్టర్ చేయించుకుంటే చాలు. అవతలివాళ్లు వేరే మతం వాళ్లయితే తాళి కట్టినా, సప్తపది చేసినా ఆ చట్టం వర్తించదు. 1954 నాటి స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ కింద రిజిస్టర్ చేయించుకోవాలి. దీనికి ఇద్దరిలో ఒకరు ఆ జిల్లాలో కనీసం 30 రోజులుగా ఉంటూ ఉండాలి. నోటీసు ఇచ్చాక మరో 30 రోజులు ఆగాలి. మా ఆయన క్రిస్మస్ సెలవులకు వచ్చి సంతకం పెట్టి వెళ్లి, ఫిబ్రవరిలో మళ్లీ టికెట్ కొనుక్కుని వచ్చారు. ఈ 30 రోజుల్ని ముందే లెక్కలో వేసుకోండి.

పేర్లలో తేడా ఉంటే ఇబ్బందా?

మన వాళ్లకు ఇది పెద్ద తలనొప్పి. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరం, పాస్‌పోర్టులో పూర్తిగా, ఆధార్‌లో చివర. కొందరి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగానే ఉంటుంది. అన్నీ ఒకే మనిషివని ఒక అఫిడవిట్ చేయించి జతచేయండి. మ్యారేజ్ సర్టిఫికెట్‌లో మాత్రం పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయించండి.

తెలుగులో ఉన్న ప్రతి కాగితానికీ ఇంగ్లిష్ అనువాదం, అనువాదకుల సంతకంతో ఉండాలి. మా శుభలేఖ అనువదించిన పెద్దాయన నా పేరు ముందున్న "చి.ల.సౌ." దగ్గర పెన్ను ఆపి చాలాసేపు ఆలోచించారు. "ఇది పేరులో భాగం అనుకుంటారమ్మా" అని, చివరికి అది పెళ్లికూతురిని దీవిస్తూ రాసే మాట అని కింద గమనిక పెట్టారు. ఆ గమనిక చూసి మా అమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది.

మా పెళ్లి నిజమని మేమెందుకు నిరూపించుకోవాలి?

ఈ ప్రశ్న అడిగినవాళ్ల గొంతులో కోపం నాకు తెలుసు. ఆ కోపానికి పాత కారణాలున్నాయి. 1979 జనవరిలో, పెళ్లి చేసుకోవడానికి లండన్ హీత్రో ఎయిర్‌పోర్టులో దిగిన ఒక భారతీయ టీచర్‌కు, ఆమె చెప్పేది నిజమా కాదా తేల్చడానికి కన్యత్వ పరీక్ష చేశారు. అది పత్రికలకెక్కి, ఇక్కడా అక్కడా దుమారం రేగాక ఆపారు. ఆ తర్వాత 1980లలో, మీ పెళ్లి ప్రధానంగా బ్రిటన్‌లో స్థిరపడటానికి కాదని మీరే రుజువు చేసుకోవాలనే రూల్ నడిచింది. మన దేశపు పెళ్లికొడుకులు ఎంతోమంది దానివల్ల ఆగిపోయారు. 1997లో ఎత్తేశారు.

ఇప్పుడు కావలసినవి: కలిసి ఉన్న ఫొటోలు, బోర్డింగ్ పాసులు, వాట్సాప్ కాల్స్ జాబితా, ఒకరికొకరు పంపుకున్న డబ్బు. మొత్తం చాట్ పంపొద్దు. నెలకు ఒకటి రెండు పేజీలు తీసి తేదీల వారీగా పెట్టండి. పెద్దలు కుదిర్చిన పెళ్లి అయితే ఆ సంగతి దాచకుండా రాయండి. పెళ్లిచూపులు ఎప్పుడు, ఎవరు కుదిర్చారు, తర్వాత ఎన్నిసార్లు కలిశారు. పెళ్లికి ముందు తక్కువసార్లు కలవడం తప్పేమీ కాదు. చెప్పకపోవడం అనుమానానికి దారి తీస్తుంది.

ఇంగ్లిష్ పరీక్ష, టీబీ పరీక్ష తప్పవా?

మొదటి వీసాకు ఎ1 స్థాయి, అన్నిటికంటే తేలిక మెట్టు. మాట్లాడటం, వినడం మాత్రమే. రెన్యువల్‌కు ఎ2, శాశ్వత నివాసానికి బి1. డిగ్రీ ఇంగ్లిష్ మీడియంలో చేసినవాళ్లు ఎక్టిస్ సంస్థ నుంచి ధ్రువీకరణ తెచ్చుకుంటే పరీక్ష అక్కర్లేదు. టీబీ పరీక్ష గుర్తింపు ఉన్న క్లినిక్‌లోనే చేయించాలి, సర్టిఫికెట్ ఆరు నెలలు చెల్లుతుంది.

నేను ఇప్పటికే స్టూడెంట్ వీసా మీద అక్కడే ఉన్నాను. ఇండియా రావాలా?

అక్కర్లేదు. స్టూడెంట్, గ్రాడ్యుయేట్, వర్క్ వీసాల నుంచి అక్కడే మారొచ్చు. ఫీజు కూడా తక్కువ, 2025 ఏప్రిల్ రేటు 1,321. విజిటర్ వీసా మీద వెళ్లినవాళ్లు మాత్రం మామూలుగా మారలేరు. వెళ్లి అక్కడ చూసుకుందాంలే అనుకోకండి.

వేరే దేశం మీదుగా వెళ్లే దారి ఉండేదట కదా?

ఉండేది. దాని పేరు సురీందర్ సింగ్ దారి. ఆయన భారతీయుడు. బ్రిటిష్ భార్యతో కలిసి కొన్నేళ్లు జర్మనీలో పనిచేసి బ్రిటన్ తిరిగొచ్చారు. 1992లో యూరోపియన్ కోర్టు ఆయన పక్షాన తీర్పిచ్చింది. యూరప్‌లో మరో దేశంలో పనిచేసి వచ్చినవారికి బ్రిటన్ రూల్స్ కాకుండా యూరోపియన్ చట్టమే వర్తిస్తుందని. 2012 తర్వాత 18,600 సంపాదించలేని ఎన్నో జంటలు ఇలాగే ఐర్లండ్‌కో, ఇంకో చోటికో వెళ్లి ఉండి వచ్చాయి. బ్రెగ్జిట్‌తో, అంటే బ్రిటన్ యూరోపియన్ యూనియన్ నుంచి బయటికి రావడంతో, ఆ తలుపు మూసుకుపోయింది.

పిల్లలుంటే ఏమైనా వెసులుబాటు ఉందా?

కొంత ఉంది. 2017లో బ్రిటన్ సుప్రీంకోర్టు ఈ ఆదాయపు గీత చట్టబద్ధమేనంది, కానీ పిల్లల మేలును రూల్స్ సరిగా పట్టించుకోలేదని తప్పుబట్టింది. ఆ ఏడాదే రూల్స్ సవరించారు. బిడ్డకో, జంటకో అన్యాయమైన కష్టం కలుగుతుందని చూపిస్తే ఇతర ఆదాయాన్నీ పరిశీలిస్తారు. కానీ అలా వచ్చే వీసా సాధారణంగా పదేళ్ల దారిలో పడుతుంది. ఖర్చు కూడా బాగా పెరుగుతుంది. ఇలాంటి కేసుకు మాత్రం మంచి ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని పెట్టుకోండి. తండ్రినో తల్లినో ఫోన్ తెరమీదే చూస్తూ పెరిగే పిల్లలున్న ఇళ్లను అక్కడ "స్కైప్ కుటుంబాలు" అంటారు. ఆ మాట మొదటిసారి విన్న రోజు నాకు అన్నం సయించలేదు.

భాగస్వామికి వైకల్యం వల్ల వచ్చే కొన్ని ప్రభుత్వ భత్యాలు ఉంటే 29,000 గీత వర్తించదు. ఇది అడిగి తెలుసుకోండి.

వెళ్లాక కాపురంలో హింస ఎదురైతే? వీసా పోతుందని భయం.

భయపడి భరించకండి. భార్య లేదా భర్త వీసా మీద వెళ్లినవారు గృహహింస వల్ల విడిపోవాల్సి వస్తే, సొంతంగా శాశ్వత నివాసానికి అప్లై చేసుకునే హక్కు ఉంది. ఈలోగా మూడు నెలలపాటు ప్రభుత్వ సాయం తీసుకునేలా తాత్కాలిక అనుమతి కూడా అడగొచ్చు. "నేను క్యాన్సిల్ చేయిస్తే నువ్వు మర్నాడే విమానం ఎక్కాలి" అని బెదిరించడం మామూలు. అది అబద్ధం. పాస్‌పోర్టు ఫొటో, వీసా నంబరు, అక్కడి ఈవీసా (ఆన్‌లైన్‌లో ఉండే వీసా) ఖాతా పాస్‌వర్డ్ మీ దగ్గర ఒకటి, పుట్టింట్లో ఒకటి ఉంచండి. అమ్మాయిని పంపుతున్న తల్లిదండ్రులు ఈ జవాబు ఆమెతో కలిసి చదవాలని నా కోరిక.

గీత అందడం లేదు. ఆయనే ఇండియా వచ్చేస్తే?

రావచ్చు. మొదట ఎంట్రీ వీసా మీద వస్తారు. పెళ్లి రిజిస్టరై రెండేళ్లు నిండాక ఓసీఐకి (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా కార్డుకు) అప్లై చేసుకోవచ్చు. అది వచ్చేదాకా మామూలుగా ఉద్యోగం చేయడానికి లేదు, ఆ రెండేళ్లకు ఇంటి ఖర్చు ఎవరు చూస్తారో ముందే మాట్లాడుకోండి.

రూల్ మళ్లీ మారుతుందా? తగ్గేదాకా ఆగమంటారా?

2025 జూన్‌లో అక్కడి వలస సలహా కమిటీ నివేదిక ఇచ్చింది. 38,700 అనే అంకెను వర్కర్ల వీసా కోసం వేశారని, కుటుంబాలకు దానితో పొంతన లేదని తేల్చింది. కుటుంబ జీవితానికి ఎక్కువ విలువ ఇస్తే 23,000 నుంచి 25,000 మధ్య పెట్టొచ్చని ఒక లెక్క, 24,000 నుంచి 28,000 అని మరో లెక్క చూపించింది. నిర్ణయం ప్రభుత్వానిది. 2025 మేలో వచ్చిన శ్వేతపత్రంలో చాలామంది వలసదారులకు శాశ్వత నివాసం పదేళ్లకు జరుపుతామన్నారు. బ్రిటిష్ పౌరుల భాగస్వాములకు మాత్రం ఐదేళ్లే ఉంటుందని అందులోనే రాశారు.

ఆగొద్దనే నేను చెబుతాను. ఇవాళ అర్హత ఉంటే ఇవాళే వేయండి. లేకపోతే ఇవాళ్టి నుంచే ఒక ఫోల్డర్ పెట్టండి. ప్రతి నెలా పేస్లిప్, స్టేట్‌మెంట్ అందులో పడాలి. కలిసిన ప్రతిసారీ బోర్డింగ్ పాస్ పారేయకుండా దాచండి. మా ఫోల్డర్ నీలం రంగుది, ఇప్పుడు లీడ్స్‌లో మా మంచం కింద ఉంది. 2026 ఆఖరులో రెన్యువల్‌కు మళ్లీ బయటికి తీయాలి.